లెక్కల నోటుబుక్కు వెనక నవల

వేసవి మొదలైతే చాలు, మన ఉత్తరాల కట్టలో సగం ఊరగాయలే. ఆవకాయ మీద తెల్లగా తేలిందని ఒకరు, సగ్గుబియ్యం వడియాలు గుడ్డకే అంటుకుపోయాయని మరొకరు. వాటన్నిటికీ జవాబులు తర్వాత. ఈ వారం పేజీ మొత్తం నంద్యాల సోదరి రాసిన ఉత్తరానికే. పేరు వేయొద్దని కింద రెండు గీతలు గీసి మరీ రాశారు. వేయడం లేదమ్మా, నిశ్చింతగా ఉండండి.

ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. ఇలా రాశారు: "అక్కయ్యగారూ, మావాడు ఏడో తరగతి. లెక్కల్లో నూటికి నలభై ఒకటి వచ్చాయి. ఎందుకిట్లా అయిందని నోటుబుక్కు తీసి చూస్తే ముందు నుంచి లెక్కలు, వెనక నుంచి నవల! లెక్కలు ఇరవై పేజీలు, నవల అరవై మూడు పేజీలు. దాని పేరు 'నల్లమల నలుగురు'. వేసవి సెలవుల్లో ఆళ్లగడ్డలో అవ్వ ఇంటికి పోయిన పిల్లవాడు, అక్కడి ఫ్రెండ్స్ ముగ్గురు. ఒక రాత్రి అహోబిలం అడవిలో ఆకాశం నుంచి మండుతూ ఒక రాయి పడుతుంది. మర్నాడు నలుగురూ పోయి ముట్టుకుంటారు. ఒకడికి ఎంత దూరంలో మాట్లాడుకున్నా వినపడుతుంది. శిల్పాలు చెక్కే వాళ్ల పాప ఎంత బండనైనా దూదిలాగ ఎత్తుతుంది. ఇంకొకడు బస్సు కంటే ముందు పరుగెత్తి నంద్యాల చేరుకుంటాడు. నాలుగోవాడు కూడా ముట్టుకున్నాడు గానీ వాడికేమీ రాలేదు. అందరి టిఫిన్ బాక్సులూ మోస్తుంటాడు. వేరే గ్రహం వాళ్లు రాయి కోసం దిగారు, అక్కడితో కథ ఆగిపోయింది. మావారు చూసి మండిపడ్డారు. చింపి పొయ్యిలో పెట్టమన్నారు, జూన్‌లో హాస్టల్లో వేసేస్తామన్నారు. నేనింకా చింపలేదు, బియ్యం డబ్బాలో దాచాను. ఏం చేయమంటారు? ఇంకో మాట. ఆ నవలలో అమ్మ కూడా ఉంది. 'అన్నం తిని పోరా' అంటుంది. అంతే, ఇంకేమీ లేదు."

చెల్లెమ్మా, మీరు బియ్యం డబ్బాలో దాచినప్పుడే సగం జవాబు మీరే చెప్పేశారు. చింపకండి. మీవారి కోపంలో న్యాయం లేదని నేననను. నలభై ఒక్క మార్కులు చూసి ఏ తండ్రి మాత్రం నవ్వుతాడు? కానీ మార్కులు తగ్గింది నవల వల్లా, లేక లెక్కలు అర్థంకాక కాలక్షేపానికి నవల మొదలైందా అన్నది ముందు తేల్చుకోండి. అరవై మూడు పేజీలు ఓపికగా కూర్చుని రాసినవాడికి ఏకాగ్రత లేదని మాత్రం అనలేం కదా!

ఇలాంటి కథలు చదివితే, రాస్తే పిల్లలు మేడ మీంచి దూకేస్తారేమోనని కొందరికి భయం. 1997లో దూరదర్శన్‌లో 'శక్తిమాన్' మొదలయ్యాక అలా చేయబోయి దెబ్బలు తగిలించుకున్న పిల్లల గురించి పేపర్లలో వచ్చింది. ఇలా చేయకూడదని ఆ కార్యక్రమంలోనే పిల్లలకు చెప్పారు కూడా. ఐదారేళ్ల పసివాడైతే పక్కన కూర్చుని ఇది ఉత్తుత్తిదని చెప్పాల్సిందే. పన్నెండేళ్లవాడు, అందులోనూ తనే కథ అల్లేవాడు, ఎగరడం ఉత్తుత్తిదని మనకంటే బాగా ఎరుగును.

అయినా ఇదేమన్నా కొత్త పిచ్చా? మన ఇళ్లలో చందమామ వచ్చిన రోజులు మీవారికి గుర్తుంటే అడగండి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్ కోసం, చిత్రా గారు వేసిన ఆ బొమ్మల కోసం అన్నదమ్ములు కొట్టుకునేవారు. అమ్మలు కూడా పొయ్యి మీద పప్పు పెట్టి రెండు పేజీలు తిప్పేసేవారు. పప్పు మాడిందంటే ఆ నెల చందమామ వచ్చిందనే లెక్క. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. అందుకని పిల్లలకు కథలాశ పోతుందా? దొరకని కథను మీవాడు తనే రాసుకుంటున్నాడు.

స్నేహితులు, తలా ఒక శక్తి అన్న ఎత్తుగడ చందమామ కంటే ఎంతో పాతది. 1853లో చిన్నయసూరి గారు 'నీతిచంద్రిక'లో చెప్పిన మిత్రలాభం గుర్తు చేసుకోండి. కాకి ఎగరగలదు, దూరం చూడగలదు. ఎలుకకు పళ్లున్నాయి, వల కొరుకుతుంది. జింకకు కాళ్లున్నాయి. తాబేలుకో? పాపం, ఏమీ లేదు. నడక కూడా రాదు. చివరికి బోయవాడి చేతికి చిక్కింది ఆ తాబేలే. అప్పుడు జింక చచ్చినట్టు పడుకుంటే, కాకి దాని మీద వాలి పొడుస్తున్నట్టు నటిస్తే, బోయవాడు తాబేలును కింద పెట్టి జింక కోసం పరుగెత్తితే, ఎలుక తాళ్లు కొరికేసింది. తాబేలు నీళ్లలోకి జారుకుంది. ఏ ఒక్కరి శక్తీ చాలలేదు. శక్తి లేని తాబేలు లేకపోతే అసలు కథే లేదు.

ఇంకొకటి, పంచతంత్రంలో సింహాన్ని బతికించిన నలుగురు మిత్రుల కథ. ముగ్గురు మహా విద్వాంసులు. ఒకడు ఎముకలు కూర్చాడు, ఒకడు మాంసం, చర్మం తొడిగాడు, ఒకడు ప్రాణం పోయబోయాడు. నాలుగోవాడికి ఏ విద్యా రాదు. "అది సింహంరా బాబూ, లేస్తే మనల్ని తింటుంది" అన్నాడు. వాళ్లు వినలేదు. ఈయన చెట్టెక్కాడు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. నాలుగోవాడి దగ్గర ఉన్నది లోకజ్ఞానం. మిగతా ముగ్గురి దగ్గరా లేనిది అదే.

ఇక్కడే నేను మీ ఉత్తరాన్ని మళ్లీ తీసి చూశాను. శక్తి రాని ఆ నాలుగోవాడు ఎవరు? సెలవులకు అవ్వ ఇంటికి పోయినవాడు, అంటే మీవాడే. ఆ రాసేవాడి చేతిలో కలం ఉంది, ఎవరికి ఏ శక్తి కావాలంటే అది ఇచ్చుకోవచ్చు. స్నేహితులందరికీ ఇచ్చి తనకు మాత్రం టిఫిన్ బాక్సులు మిగుల్చుకున్నాడు. చెల్లెమ్మా, నాకు నలభై ఒక్క మార్కుల కంటే ఇది ఎక్కువ బాధ కలిగించింది. నోటుబుక్కు చింపేవాళ్లకు ఈ సంగతి కనిపించదు. చదివిన మీకే కనిపించాలి.

ఇలాంటి పిల్లల నవలే ఒకటి ఇంగ్లీషులో చాలా ప్రసిద్ధం. మడలీన్ లెంగిల్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన 'ఎ రింకిల్ ఇన్ టైమ్'. 1962లో వచ్చింది. అంతకు ముందు రెండు డజన్లకు పైగా ప్రచురణకర్తలు మాకొద్దని తిప్పి పంపారట! తీరా అచ్చయ్యాక మరుసటి ఏడాదే పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ బహుమతి వచ్చింది. కథ చెబుతాను, వినండి.

మెగ్ అనే అమ్మాయి. కళ్లద్దాలు, పళ్లకు తీగ, స్కూల్లో మొద్దు అని పేరు. లెక్కలు మాత్రం తనదైన పద్ధతిలో చకచకా చేసేస్తుంది, టీచరుకు ఆ పద్ధతి నచ్చదు. తమ్ముడు చార్లెస్ వాలెస్‌కు ఐదేళ్లు. నాలుగేళ్లు నిండబోయే దాకా మాటలే రాలేదు. ఊళ్లో వాళ్లు మందమతి అనుకుంటారు. నిజానికి వాడు అక్క మనసులోనిదీ అమ్మ మనసులోనిదీ చెప్పకుండానే కనిపెడతాడు. మొదటి అధ్యాయంలోనే గాలివాన రాత్రి, మెగ్‌కు భయం వేసి మేడ మీద గది నుంచి వంటింట్లోకి వస్తుంది. తమ్ముడు అప్పటికే కోకో కోసం పొయ్యి మీద పాలు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఒకరికి సరిపడా కాదు, ఎక్కువే. అక్క వస్తుందనీ, వెనకే అమ్మా వస్తుందనీ వాడికి ముందే తెలుసు! అతీత శక్తిని ఇంత ఇంపుగా, పాలగిన్నెతో చూపించిన కథ నేను ఇంకోటి చదవలేదు.

వాళ్ల నాన్న సైంటిస్టు, ఎక్కడో మాయమైపోయాడు. ఆయన్ను వెతుకుతూ అక్కాతమ్ముళ్లు, కాల్విన్ అనే ఇంకో అబ్బాయి, ముగ్గురు చిత్రమైన ముసలమ్మల సాయంతో నక్షత్రాలు దాటి పోతారు. ఎలా పోతారు? రింకిల్ అంటే ముడత. ముసలమ్మల్లో ఒకామె గౌను అంచును రెండు చేతులతో బిగించి పట్టుకుంటుంది. చిన్న పురుగొకటి ఈ చేతి నుంచి ఆ చేతికి నడవాలంటే చాలా దూరం. రెండు చేతులూ దగ్గరికి తెస్తే? ఒక్క అడుగు. మనకు ఇంకా సులువు. చీర కుచ్చిళ్లు పెట్టేటప్పుడు చూడండి, పొడవాటి గుడ్డ నాలుగు వేళ్ల మధ్యకు వచ్చేస్తుంది. ఆ కుచ్చిళ్ల అంచు మీద చీమ ఉందనుకోండి, దూరంగా ఉండాల్సిన చోటు పక్క మడతలోనే ఉంటుంది. ఆకాశాన్ని అలా మడిచి ఎవరూ ప్రయాణం చేయలేదు గానీ, బరువున్న వస్తువు దగ్గర ఆకాశం వంగుతుందని 1915లో ఐన్‌స్టీన్ చెప్పాడు, 1919 సూర్యగ్రహణంలో కొలిచి చూశారు.

అలా పోయి పోయి ఒక గ్రహం మీద దిగుతారు. అక్కడ ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఇళ్ల ముందు పిల్లలు బంతులు కొడుతుంటారు, అందరి బంతులూ ఒకేసారి నేలను తాకుతాయి, ఒకేసారి లేస్తాయి. ఒక్క కుర్రాడి బంతి తప్పుతుంది. వాళ్లమ్మ వణికిపోతూ వాడిని లోపలికి లాగేసుకుంటుంది. ఆ గ్రహాన్నంతా ఏలేది ఒక మెదడు. ఒట్టి మెదడే, ఒళ్లు లేదు. నా అంత తెలివిగలవాడు లేడనుకున్న చార్లెస్ వాలెస్సే దానికి చిక్కిపోతాడు. వాడిని విడిపించడానికి ఒంటరిగా వెళ్లాల్సింది ఏ శక్తీ లేదని ఏడ్చే మెగ్. బయల్దేరేటప్పుడు ముసలమ్మలు ఆమెకు కత్తీ ఇవ్వరు, మంత్రమూ ఇవ్వరు. ఆ మెదడు దగ్గర లేనిది నీ దగ్గర ఒకటుంది అని మాత్రం చెబుతారు. అదేమిటో ఆమే కనిపెట్టుకోవాలి. ఎదుటికి వెళ్లాక తెలుస్తుంది, తమ్ముడంటే తనకున్న ప్రాణం. అలా వాడినే చూస్తూ నువ్వంటే నాకు ఇష్టంరా అని అంటూ పోతుంది, అంతే. వాడు మళ్లీ మనవాడవుతాడు. 2018లో సినిమా కూడా తీశారు. నన్నడిగితే పుస్తకమే బాగుంది.

ఆ బంతుల వీధి చదివినప్పుడు నాకు మీ అహోబిలమే గుర్తొచ్చింది. అక్కడ ప్రహ్లాద బడి అని బండల మీద గీతలు చూపిస్తారు కదా, ప్రహ్లాదుడు అక్షరాలు దిద్దిన చోటని. ఆ పిల్లవాడికి మాత్రం ఏం శక్తి ఉందని? గురువులు చెప్పమన్నది చెప్పలేదు, తను నమ్మింది చెప్పాడు. కొండ మీంచి తోయించుకున్నవాడే గానీ తోసినవాడు కాదు. మీవాడు నవల రాసుకున్నది ఆ అడవి నీడలోనే.

ఇక మీ మనసు నొప్పించిన మాట, 'అన్నం తిని పోరా'. ఉత్తరం చివర్న చిన్నగా రాశారు గానీ, అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. ఇందాక చెప్పిన పుస్తకంలో మెగ్ వాళ్లమ్మ కూడా సైంటిస్టే. వంటింటి పక్క గదిలోనే ఆమె ప్రయోగశాల. ప్రయోగం వదిలి రాలేక, అక్కడి బున్సెన్ బర్నర్ మీదే రాత్రికి కూర ఉడికిస్తుంది. రసాయనాలు కూరలో పడ్డాయేమోనని కవల కొడుకులిద్దరికీ అనుమానం! అది రాసింది ఒక తల్లి కాబట్టి తల్లికి చోటు దొరికింది. మీ నవల రాసింది పన్నెండేళ్లవాడు. వాడికి కనపడే మీరు అంతే, చేతిలో గరిటె. కోపం తెచ్చుకోకండి. వాడి వయసులో మనం కథ రాసి ఉంటే మన అమ్మలకు అంతకంటే ఏం రాసేవాళ్లం? ఈ ఒక్క చోట మాత్రం మీరు కథలోకి వెళ్లవచ్చు. "బస్సు కంటే ముందు పరుగెత్తేవాడు ఏం తింటాడ్రా?" అని అడగండి. వాడు తల గోక్కుంటాడు. బండి నడవాలంటే పెట్రోలు ఉండాలి కదా. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పరుగెత్తినవాడు దిగగానే ఎన్ని జొన్నరొట్టెలు, ఎంత ఉగ్గాని లాగిస్తాడో లెక్క చెప్పగలిగింది ఆ ఇంట్లో మీరొక్కరే.

సైన్స్ నవలకూ మంత్రాల కథకూ తేడా కూడా ఇదే. మంత్రాల కథలో అయింది అంటే అయినట్టే. సైన్స్ కథలో ఎలా అయింది అని అడగాలి. అడిగితే లెక్కలు వాటంతట అవే వస్తాయి. ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య రోడ్డు సుమారు నలభై కిలోమీటర్లు. మీ పరుగువీరుడు పది నిమిషాల్లో వచ్చాడంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం. వేగానికి పేరుపడ్డ చీతా కూడా గంటకు వంద పైచిలుకే. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఆళ్లగడ్డలో అన్న మాట, దారి పొడుగునా అంతే దూరమనుకుంటే, నంద్యాలలో ఉన్నవాడి చెవికి చేరడానికి రెండు నిమిషాలు పడుతుంది. అంటే "పారిపోండి" అన్న కేక వాడికి రెండు నిమిషాలు ఆలస్యంగా వినపడుతుంది. చూశారా, కథలో ఎంత చిక్కు వచ్చిందో! ఇక ఆ శిల్పుల పాప. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రానైటు రాయి డెబ్భై ఐదు కిలోల దాకా తూగుతుంది, మన పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు. అంతకు పదింతల రాళ్లను మామూలు మనుషులు గడ్డపారలతో, కింద దొర్లే దుంగలతో జరుపుతారు. గడ్డపారది తులాదండం మహిమ, అదీ ఒక శక్తే. ఈ లెక్కలన్నీ వాడి చేతే చేయించండి. వాళ్ల నాన్నగారిని పక్కన కూర్చోబెట్టండి, తప్పులు దిద్దడం ఆయనకు ఎలాగూ ఇష్టమే కదా.

ఆకాశం నుంచి పడ్డ వస్తువు కావాలన్నా అమెరికా దాకా పోనక్కర్లేదు. మీ జిల్లాలోనే బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. ఇప్పటికీ మట్టిలో తెల్లటి పొరగా ఉంది. ఆ పొర కిందా దొరికాయి, పైనా దొరికాయి ఆదిమానవుల రాతి పనిముట్లు. పరిశోధకులు 2007లో ఈ సంగతి ప్రకటించారు. అంత విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారేమోనని వాళ్ల ఆలోచన. ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడుల తయారీకి అమ్మారని కూడా పత్రికల్లో చదివాను. మన వంటింటి తొట్టి దగ్గరికి డెబ్భై నాలుగు వేల ఏళ్ల నాటి బూడిద! కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి, మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. వేరే గ్రహం వాళ్లు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఏ రచయితకు దొరుకుతుంది? సెలవుల్లో ఒక ఆదివారం తీసుకుపోండి. చలిమిడో, చిత్రాన్నమో కట్టుకుపోతే సరి.

నోటుబుక్కు మాత్రం మార్చండి. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనిచ్చి, ఇందులో నవల, అందులో లెక్కలు అని చెప్పండి. లెక్కల్లో రాయకూడదు అన్న షరతు గట్టిగా పెట్టండి, నేను మెత్తదనం బోధించడం లేదు. మీరు దొంగతనంగా చదివినట్టు కాకుండా, చదివానురా, బాగుందిరా, నాలుగోవాడికి ఏమవుతుంది అని నేరుగా అడగండి. వాడికి శక్తి ఇవ్వమని మాత్రం సలహా చెప్పకండి. తాబేలు కథ, సింహం కథ, మెగ్ కథ రాత్రి పడుకునే ముందు ఊరికే చెప్పి ఊరుకోండి. "అందుకే నువ్వూ" అని మొదలుపెట్టారో, పిల్లవాడు దుప్పటి ముసుగేస్తాడు.

హాస్టల్ సంగతి మీ ఇంటి విషయం. పోటీ పరీక్షల కోచింగులకు పేరున్న ఊళ్లో ఉన్నారు, చుట్టూ అందరూ పిల్లలను పంపిస్తుంటే మీవారికి గుబులుగా ఉండటం సహజం. హాస్టల్లో బాగా చదువుకుని పైకొచ్చిన పిల్లలూ బోలెడు మంది. కానీ నవల రాసినందుకు శిక్షగా పంపితే, రాయడమే తప్పని వాడి మనసులో పడిపోతుంది. పంపాలనుకుంటే లెక్కల కోసమే పంపండి, ఆ మాటే వాడితో చెప్పండి. పంపేముందు మీవారు ఆ అరవై మూడు పేజీలూ ఒక్కసారి చదవాలని మాత్రం మీరు పట్టుబట్టండి. ఈ ఒక్క విషయంలో అలిగినా తప్పులేదు. హాస్టల్ చూడటానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. భోజనం ఎలా ఉందో, బాత్‌రూములు ఎలా ఉన్నాయో ఎలాగూ చూస్తారు. వారంలో లైబ్రరీకి ఒక గంటైనా ఉందా, వేసవి సెలవులు నిజంగా ఇస్తారా, లేక అప్పుడు కూడా క్లాసులేనా, అది కూడా అడగండి. వాడు సెలవుల్లో ఆళ్లగడ్డ పోవాలి కదమ్మా, మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు.